ముందు ఊపిరి, చివర డెక్క

మంటానాలో ఏప్రిల్ నెల గుర్రాన్ని చూసి మోసపోని కొత్తవాడు ఉండడు. నాలుగు నెలలు గాలికి వీపు చూపించి, మంచులో తల వేలాడేసుకుని నిలబడిన జంతువు అది. ఒక పొద్దున ఎండ కాస్త వెచ్చగా తగిలేసరికి తోక నిటారుగా ఎత్తి, కంచె వెంట ఆ మూల నుంచి ఈ మూలకు దౌడు తీస్తుంది. గాల్లోకి రెండు తన్నులు తంతుంది. చూసేవాడికి ఇక జీను వెయ్యడమే ఆలస్యం అనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించింది. ప్రకాశం జిల్లాలో పశువైద్యశాలల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. గిత్తను చూస్తే దాని సత్తువ చెప్పగలను. మా మేనల్లుడు మంటానాలో ఒక పశువుల డాక్టరు దగ్గర సహాయకుడు. వాడితో కలిసి రాంచ్‌ల వెంట తిరుగుతూ రెండు నెలలు గడిపాను. మొదటిరోజే కంచె దగ్గర నిలబడి, నల్లజూలున్న ఒక ఎర్రగుర్రాన్ని చూపించి, "ఇది తయారుగా ఉందిరా" అన్నాను.

"అది హుషారు మామయ్యా, సత్తువ కాదు. సత్తువకింకా ఎనిమిది వారాలుంది" అన్నాడు వాడు.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. అంతకు ముందటేడు జ్వరంతో నెలన్నర మంచంలో ఉన్నాను. తగ్గగానే పాత మిత్రులతో కలిసి పొద్దున్నే నడక మొదలుపెట్టాను. మొదటిరోజే అయిదు కిలోమీటర్లు. ఆయాసం రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. మూడో వారంలో మడమ వెనక నరం పట్టేసింది. అయిదు నెలలు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను. పశువుల కాళ్ళు చూసి బతికినవాడికి తన కాలు చూసుకునే తెలివి లేకపోయింది.

అందుకే ఈ పుస్తకంలో, పని మానేసి మళ్ళీ పనిలోకి వచ్చేవాళ్ళ గురించిన ఈ అధ్యాయం మొత్తం గుర్రాలకే ఇచ్చాను. మీ పెరట్లో గుర్రం ఉండదని తెలుసు. కానీ ప్రసవం సెలవు నుంచి తిరిగొచ్చే ఉద్యోగినికి, ఆపరేషన్ అయి పొలంలోకి దిగే రైతుకి, ఒక ఏడాది పరీక్ష వదిలేసి మళ్ళీ పుస్తకం పట్టే కుర్రవాడికి చెప్పాల్సినది నేను గుర్రం కాలి దగ్గరే నేర్చుకున్నాను. దాన్ని వివరంగా చూస్తే తప్ప వంటబట్టదు.

రాంచ్ అంటే పశువులు మేసే వేల ఎకరాల బీడు. ఒక్కో కౌబాయ్‌కి ఒక్క గుర్రం సరిపోదు, ఆరేడు ఉంటాయి. ఇవాళ ఎక్కినదాన్ని రేపు వదిలేస్తారు. శీతాకాలం ముందు పని తగ్గగానే చాలా గుర్రాల లాడాలు ఊడదీసి బీడులోకి తోలేస్తారు. లాడం ఉంటే దాని కింద మంచు ముద్దకట్టి, గుర్రం ఎత్తుచెప్పులు వేసుకున్నట్టు తూలుతుంది. ఇక వసంతం దాకా ఎండుగడ్డి, నీళ్ళు, గాలి. ఈ ఎండుగడ్డి సంగతి కూడా ఒక పెద్ద దెబ్బ తిన్నాక నేర్చుకున్నదే. 1886–87 చలికాలంలో ఆ ప్రాంతమంతా మేత అందక పశువులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. మంచులో ఎముకలగూడులా నిలబడ్డ ఒక ఆవును అప్పుడు కౌబాయ్‌గా ఉన్న చార్లెస్ రస్సెల్ చిన్న బొమ్మగా గీశాడు. ఆ బొమ్మే ఆయనకు పేరు తెచ్చింది. ఆ తర్వాతే అక్కడివాళ్ళు వేసవిలో గడ్డి కోసి వాములు వెయ్యడం గట్టిగా పట్టుకున్నారు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆవులు ఈనుతాయి. మే నెలలో దూడలకు వాత పెట్టి ముద్ర వేస్తారు. జూన్‌లో మందను కొండమీది మేతకు తోలుతారు. అంటే ఏప్రిల్ మొదట్లో బొచ్చు పెరిగి, పొట్ట వేలాడుతున్న గుర్రం మే చివరికల్లా డెబ్భై ఎనభై కిలోల దూడను తాడుతో నిప్పు దాకా ఈడవాలి. మధ్యలో ఉన్నది ఎనిమిది వారాలు.

*

మొదటి పని కళ్ళతో చేసేది కాదు. చలికాలపు బొచ్చు అబద్ధాలకోరు. దాని కింద పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నా బయటికి గుండ్రంగానే కనపడుతుంది. గడ్డితో నిండిన పొట్టను చూసి ఒళ్ళు చేసిందనుకుంటాం. 1983లో టెక్సస్‌లో డాన్ హెన్నెకె అనే పరిశోధకుడు ఒక కొలత తయారుచేశాడు. ఒకటి అంటే ఎముకలగూడు, తొమ్మిది అంటే కొవ్వుముద్ద, అయిదు దగ్గర ఉంటే బాగున్నట్టు. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్లా చెయ్యి వేసి అదిమి చూడాలి. పక్కటెముక చేతికి తగలాలి గాని కంటికి కనపడకూడదు. కాటా లేనిచోట బరువు లెక్కకూ ఒక పద్ధతుంది. ముంగాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ ఒంటి పొడవుతో గుణించి, 330తో భాగిస్తే పౌండ్లు వస్తాయి. ఆ ఎర్రగుర్రం చుట్టుకొలత 74, పొడవు 64. లెక్క వేస్తే 1,062 పౌండ్లు, మన లెక్కలో 480 కిలోల పైచిలుకు. నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాం. వారం వారం మళ్ళీ కొలవడానికి మొదటి అంకె ఉండాలి కదా.

పళ్ళు, పురుగులు, టీకాలు డాక్టరు చూసుకునే పనులు. గుర్రం పళ్ళు ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వస్తూ, మేతతో అరుగుతూ ఉంటాయి. పైదవడ కిందిదానికన్నా వెడల్పు కాబట్టి అరగని అంచులు కత్తుల్లా మిగిలి బుగ్గలోపల కోస్తాయి. ఆకురాయితో రాయాలి. పురుగుల మందు గుడ్డిగా పొయ్యకుండా లద్దిలో గుడ్లు లెక్కపెట్టి పోస్తారు. దోమలు లేవకముందే మెదడువాపు టీకాలు పడాలి. 1999లో అమెరికాలో అడుగుపెట్టిన వెస్ట్ నైల్ జ్వరం టీకా కూడా వాటిలోనే. ఇవన్నీ రెండు పొద్దుల పని.

మేత దగ్గర మాత్రం నిలబడి ఆలోచించాలి. వసంతంలో వచ్చే పచ్చగడ్డి చూడ్డానికి అమృతం. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి ఉన్న రోజుల్లో ఆ గడ్డిలో చక్కెర పోగుపడుతుంది. నాలుగు నెలలు ఎండుగడ్డి తిన్న కడుపులోకి అది ఒక్కసారిగా వెళితే డెక్కలోపలి పొరలు వాచి, ఎముక పట్టు తప్పే లామినైటిస్ వస్తుంది. పొట్టలోకి వెళ్ళినది కాలి చివర దెబ్బ కొడుతుందన్నమాట. మొదటిరోజు పావుగంట, ఆ తర్వాత రోజుకు కొంచెం కొంచెం పెంచుతూ రెండు మూడు వారాలు. అది కూడా ముందు కడుపునిండా ఎండుగడ్డి పెట్టాకే.

ఇక దాణా. గుర్రమంటే మనకు ఉలవలే గుర్తొస్తాయి. ఇంగ్లీషువాడు ఉలవల పేరులోనే గుర్రాన్ని ఇరికించాడు. అక్కడ ఓట్స్ పెడతారు. పని పెరిగాక దాణా పెరగాలి, పని పెరుగుతుందని ముందే పెట్టకూడదు. బళ్ళు లాగే గుర్రాల కాలంలో సోమవారం జబ్బు అని ఒకటుండేది. వారమంతా లాగిన గుర్రానికి ఆదివారం సెలవు ఇచ్చి, దాణా మాత్రం తగ్గించకుండా పెట్టేవాళ్ళు. సోమవారం బండి కట్టిన కాసేపటికే తొడ కండలు కర్రల్లా బిగుసుకుపోయి, చెమటలు కక్కుతూ కదల్లేక నిలబడిపోయేది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చేది. సెలవునాడు గిన్నె తగ్గించాలన్న ఒక్క జాగ్రత్తతో చాలా గుర్రాలకు అది తప్పేది. పండక్కి ఊరెళ్ళి పది రోజులు అరిసెలు తిని, వచ్చిన మర్నాడే జిమ్‌లో బరువులెత్తే మా వీధి కుర్రాళ్ళను చూసినప్పుడల్లా నాకీ సోమవారం గుర్తొస్తుంది.

*

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పనిలోకి తిరిగొచ్చే ఒంట్లో అన్ని భాగాలూ ఒకే బండిలో రావు.

మొదట వచ్చేది హుషారు. దానికి ఒక్క ఎండ పొద్దు చాలు. తర్వాత ఊపిరి, గుండె. క్రమంగా నడిపిస్తే నాలుగారు వారాల్లో గుర్రం గుండె చెప్పుకోదగ్గంత దారిలో పడుతుంది. కండ రెండు మూడు నెలలు తీసుకుంటుంది. కండను ఎముకకు కట్టే తాళ్ళలాంటి టెండన్లకు నాలుగైదు నెలలైనా కావాలి, ఎముక గట్టిపడటానికి ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా చివర డెక్క. అది నెలకు సెంటీమీటరు కూడా పెరగదు. ముందువైపు పైనుంచి కిందికి దిగడానికి దాదాపు ఏడాది. ఏప్రిల్‌లో నేలకు ఆనుతున్న డెక్క అంచు నిరుటి వసంతంలో పుట్టినది. శరదృతువులో మేత మారినప్పుడు, మధ్యలో జ్వరం వచ్చినప్పుడు పడిన గీతలు దానిమీద ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మా మేనల్లుడు వేలు పెట్టి వాటిని పంచాంగంలా చదివేవాడు.

ప్రమాదం ఎక్కడుందో చూశారా? అయిదో వారం వచ్చేసరికి గుర్రానికి ఊపిరి ఉంది, హుషారుంది, పరిగెత్తాలని ఉంది. పరుగు బరువు మోయాల్సిన టెండన్ మాత్రం ఇంకా దారిలోనే ఉంది. ఊపిరి లేని గుర్రం తనంతట తానే ఆగిపోతుంది, అందుకని దానికి దెబ్బలు తక్కువ. ఊపిరి వచ్చి కాలు రాని గుర్రమే కుంటిదవుతుంది. నా మడమ కథ అక్షరాలా ఇదే.

గుర్రం కాలు కట్టిన తీరు తెలిస్తే ఇది ఇంకా భయపెడుతుంది. ముంగాలిలో మనం మోకాలనుకునేది నిజానికి దాని మణికట్టు. డెక్క మధ్యవేలి గోరు. అరటన్ను జంతువు నాలుగు వేళ్ళ కొసలమీద నిలబడి ఉంటుంది. ఆ మణికట్టు కింద కండ లేదు, ఉన్నదంతా ఎముక, తాళ్ళు, తోలు. ఆ తాళ్ళకు రక్తం అందేది తక్కువ. అందుకే దెబ్బ తగిలితే మానడం ఆలస్యం, మానినా పాత పొంకం రాదు. దౌడులో అవి సాగగలిగినంత దాకా సాగుతాయి, లోపల 45 డిగ్రీల దాకా వేడెక్కుతాయి.

ఈ ఎనిమిది వారాల పనికి అక్కడ లెగ్గింగ్ అప్ అని పేరు. ఊపిరి పేరు పెట్టలేదు, కండ పేరు పెట్టలేదు, కాలి పేరు పెట్టారు. ఎవడు పెట్టాడో గాని, కుంటి గుర్రాలు చాలా చూసినవాడై ఉంటాడు.

*

మేమెక్కువగా వెళ్ళిన రాంచ్ యజమానురాలికి డెబ్భై దాటాయి. మాట తక్కువ. వంటింటి గోడమీద కేలెండరు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ఏ గుర్రం ఎన్ని నిమిషాలు, ఏ నేలమీద, దేనితో నడిచిందో రాసేది. ఆవిడ పద్ధతిని నేను ఎలా చూశానో అలాగే చెబుతాను.

మొదటి రెండు వారాలు నడక మాత్రమే. చదును నేల, అరగంట, వారానికి నాలుగైదు రోజులు. ఈ నడకను ఆవిడ వ్యాయామంగా చేయించదు. ఈనబోయే ఆవుల మధ్య మెల్లగా తిరిగి, ఏది నొప్పులు పడుతోందో, ఏ దూడ లేవలేదో చూసుకు రావడమే ఆ అరగంట. ఆ పనికి ఎలాగూ గుర్రం నెమ్మదిగానే నడవాలి. ఇది నాకు చాలా నచ్చింది. తిరిగొచ్చినవాడికి ఉత్తుత్తి పని ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు, పెద్ద పని ఇస్తే విరుగుతాడు. నిజంగా అవసరమైనదీ, నిదానంగా చెయ్యగలిగినదీ వెతికిపెట్టడంలోనే యజమాని తెలివి ఉంది.

మూడు, నాలుగు వారాల్లో నడక మధ్య ట్రాట్ కలుపుతారు. నడకకూ దౌడుకూ మధ్య ఉండే తుళ్ళునడక అది. రెండు నిమిషాలు ట్రాట్, అయిదు నిమిషాలు నడక, మొత్తం ముప్పావుగంట. తర్వాత ఎత్తు. కొండవాలు మీదికి నడిపిస్తే వేగం లేకుండానే తుంటికి, గుండెకు పని దొరుకుతుంది. దిగేటప్పుడు బరువంతా ముంగాళ్ళ మీద పడుతుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా. ఆరో వారానికి మెత్తని దౌడు కొద్దికొద్దిగా. ఆ తర్వాత జీను కొమ్ముకు తాడు చుట్టి పాత టైరునో దుంగనో ఈడ్పిస్తారు. దూడ తన్నుకుంటుంది, దుంగ తన్నుకోదు.

వీటన్నిటి మీదా ఆవిడకు ఒకటే చట్టం. దూరం, వేగం, నేల, ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కటే మారాలి. దూరం పెంచితే వేగం నిన్నటిదే. కొండెక్కితే దూరం పెంచకూడదు. వాన పడి నేల బురదైతే అదే ఆ వారపు మార్పు, ఇంకేదీ ముట్టుకోకూడదు. అక్కడి బంకమట్టి మన నల్లరేగడికి అన్నలాంటిది. కాలు దిగితే లాడాన్ని గుంజుకుని గాని వదలదు, దానితో పాటు టెండనూ గుంజుకుంటుంది.

ఈ చట్టం వింటుంటే నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఎండలకు నెలలు ఖాళీగా ఉన్న ఎడ్లను ఏరువాక నాడు నేరుగా నాగలికి కట్టేవారు కాదు. పదిహేను రోజుల ముందు నుంచి ఖాళీబండి కట్టి చెరువు దాకా తీసుకెళ్ళి తెచ్చేవారు. తర్వాత నాలుగు బస్తాల ఎరువు. అప్పట్లో అది ఎద్దుల కోసమని నాకు తెలియదు, నన్ను షికారు తిప్పుతున్నారనుకునేవాణ్ణి.

గుండె సంగతి తెలుసుకోవడానికి నా స్టెతస్కోపు పనికొచ్చింది. ఎడమ మోచేయి వెనక పెట్టి వినాలి. తీరిగ్గా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పనిలో ఎంత పెరిగిందన్నది నాకు అంత ముఖ్యం కాదు, ఆపాక ఎంత త్వరగా దిగిందన్నది ముఖ్యం. పది పదిహేను నిమిషాల్లో 60కి అటూ ఇటూ రాకపోతే ఇవాళ్టి పని ఎక్కువైనట్టే. కాలిఫోర్నియాలో 1955 నుంచి నడుస్తున్న టెవిస్ కప్ అనే పందెంలో గుర్రాలు ఒక్క రోజులో వంద మైళ్ళు కొండల్లో పోవాలి. అక్కడ కూడా దారి పొడుగునా డాక్టర్లు ఆపి నాడి చూస్తారు. అది దిగకపోతే ముందున్న గుర్రాన్నయినా కదలనివ్వరు.

గుండె లెక్క అరగంటలో తేలుతుంది. కాలి లెక్క మర్నాటి పొద్దున గాని తేలదు. ఆవిడ రోజూ కాఫీకన్నా ముందు చేసే పని ఒకటుంది. గుర్రం పక్కన వంగి, అరచేత్తో ముంగాలు వెనకభాగాన్ని పైనుంచి కిందికి నిమరడం. ఎడమ కాలు, కుడి కాలు. రెండూ ఒకే చల్లదనంతో ఉంటే కేలెండరులో టిక్కు. ఒకటి ఏ కాస్త వెచ్చగా తగిలినా, కొద్దిగా ఉబ్బినట్టున్నా ఆ రోజు దానికి జీను లేదు. వాదన లేదు, నిన్న ఎంత బాగా నడిచిందన్న జాలి లేదు.

ఈ పుస్తకంలో మీరు ఒక్క అలవాటు తీసుకుంటే ఇదే తీసుకోండి. ఇవాళ చేసిన పని ఎక్కువో కాదో ఇవాళ సాయంత్రం నిర్ణయించకండి. సాయంత్రం మీకున్నది హుషారు. రేపు పొద్దున లేవగానే చెయ్యి పెట్టి చూసుకోండి. కీలు పట్టిందా, తల బరువుగా ఉందా, పిల్లాడు పాలగ్లాసు ఒలకబోస్తే అనవసరంగా అరిచారా? ఆఫీసుకు తిరిగొచ్చినవాళ్ళలో మొదట వచ్చేది మాటకారితనం, మీటింగుల్లో మెరుపు. చివరికి వచ్చేది ఓర్పు. నేను చూసినంతలో మనిషికి టెండన్ అదే. మొదటి నెల అంతా బ్రహ్మాండంగా చేసి రెండో నెలలో చిన్న మాటకు రాజీనామా రాసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

*

జీను గురించి చెప్పకపోతే ఈ అధ్యాయం కుంటుతుంది. శీతాకాలంలో గుర్రం వీపు కండ తగ్గి వెన్ను తేలుతుంది. నిరుడు సరిపోయిన జీను ఇప్పుడు రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది. తాడు పనికి వాడే జీనే పద్దెనిమిది ఇరవై కిలోలుంటుంది. పని అయ్యాక జీను తీసి కింద చెమట మరక చూడండి. అంతా ఒకేలా తడిస్తే మంచిది. తడి మధ్యలో ఒకచోట పొడిగా ఉంటే అక్కడ గట్టిగా ఒత్తుతోందని అర్థం. మూపు మీద తెల్లవెంట్రుకల మచ్చ ఉంటే అది ఎప్పటిదో ఒత్తిడి గాయం. రంగు గుర్రం మీద తెల్లగా మిగిలిపోతుంది. మన కాడి పుండ్లు తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తోలుపట్టీలు కూడా చలికి పగులుతాయి. ఒక్కోదాన్ని వంచి చూసి నూనె పెట్టాలి. పట్టీ తెగేది ఎప్పుడూ కొండవాలు మీదే.

బొచ్చు ఇంకా రాలని గుర్రానికి చెమట పడితే ఆరదు. తడిగా వదిలేస్తే సాయంత్రపు చలికి వణుకుతుంది. చివరి పది నిమిషాలు నడిపించి, గడ్డిపోచలతో రుద్ది, ఆరాకే వదలాలి. ఏప్రిల్‌లో గుర్రాలను దువ్వుతుంటే ఊడిన బొచ్చు గాలికి కొట్టుకుపోయి కంచెకు పట్టుకునేది. దాన్ని పిట్టలు గూళ్ళకు ఎత్తుకెళ్ళేవి.

మొదటిరోజు జీను వెయ్యగానే ఎక్కరు. పట్టీ సగం బిగించి, పదడుగులు నడిపించి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ బిగిస్తారు. నాలుగు నెలలు వీపు మీద ఏమీ లేని జంతువుకు ఆ బిగింపు గుర్తురావడానికి కొంత టైము కావాలి. ఆ తొందరలో ఎక్కి నేల కరిచినవాళ్ళు ప్రతి వసంతంలోనూ ఉంటారు. టామ్ డోరన్స్, రే హంట్ లాంటి గుర్రాల శిక్షకులు పేరు తెచ్చుకున్నది ఇలాంటి చోటే. గుర్రాన్ని లొంగదీసే పాత మొరటు పద్ధతి పక్కనపెట్టి, దాని మనసు ఎటుందో కనిపెట్టి పనిచెయ్యడం వాళ్ళు చాలామందికి నేర్పారు.

రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్ళన్నది ఇక్కడ ఇంకో అర్థంలో నిజం. చలికాలం గుర్రానికే కాదు, రౌతుకూ పొట్ట తెచ్చిపెడుతుంది. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదన్నది పాత లెక్క. తొంభై ఆరు కిలోలు అనుకోండి మా ఎర్రగుర్రానికి. జీను ఇరవై పోతే మిగిలింది డెబ్భై ఆరు. నేను కాటా ఎక్కి దిగి, గుర్రం ఎక్కే ఆలోచన మానుకున్నాను.

గుర్రాలన్నిటికీ ఒకే కేలెండరు ఉండదు. మూడేళ్ళ కుర్ర గుర్రానికి కాలు ఇంకా కట్టుకోనే లేదు, అది తిరిగిరావడం లేదు, మొదటిసారి వస్తోంది. దాన్ని పెద్దవాటితో పోల్చడం అన్యాయం. పదేళ్ళుగా పనిచేసినదానికి పాత ఎముక ఉంటుంది కాబట్టి కాస్త త్వరగా కూడుకుంటుంది. ముసలిదాన్ని మాత్రం పూర్తిగా వదిలెయ్యకూడదు. ఒకసారి జారితే దానికి వెనక్కి ఎక్కడం కష్టం. ఆవిడ దగ్గర పంతొమ్మిదేళ్ళ గోధుమరంగు గుర్రం ఒకటుండేది. దాన్ని చలికాలమంతా వారానికి రెండుసార్లు, మంచు గట్టిగా లేని రోజుల్లో, పోస్టు డబ్బా దాకా నడిపించుకెళ్ళి ఉత్తరాలు తెచ్చేది. ఉత్తరాల కోసమే అయితే ఇంటి ముందు ట్రక్కు ఉంది.

*

మే చివరి శనివారం వాత పెట్టే రోజు. చుట్టుపక్కల రాంచ్‌ల నుంచి ఇరవై మంది దాకా వచ్చారు. తెల్లవారకముందే గుర్రాలను కట్టి జీనులు వేస్తున్నారు. ఎర్రగుర్రం నిగనిగలాడుతోంది. పక్కటెముక చేతికి తగులుతోంది, కంటికి కనపడటం లేదు. ముందురోజు కొండెక్కి దిగాక పన్నెండు నిమిషాల్లో దాని గుండె 56కి వచ్చిందని నేనే రాశాను. నా లెక్కలో ఆ రోజుకు మొదటి గుర్రం అదే.

ఆవిడ టార్చి కింద పెట్టి, వంగి, ఎడమ ముంగాలు నిమిరింది. కుడికాలు నిమిరింది. మళ్ళీ ఎడమకు వచ్చింది. మా మేనల్లుణ్ణి పిలిచి వాడి చెయ్యి పెట్టించింది. వాడు నా వైపు చూశాడు.

"నువ్వూ చూడు మామయ్యా."

నా చేతికి తేడా ఏమీ తెలియలేదు. రెండోసారి నిదానంగా నిమిరితే, మణికట్టుకు జానెడు కింద, రూపాయి బిళ్ళంత మేర, జ్వరం మొదలయ్యే ముందు పిల్లల నుదురు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇంతదానికేనా రా?"

"ఇంత ఉన్నప్పుడే మామయ్యా."

ఆవిడ జీను తీసి, తాడు విప్పి, దాన్ని చిన్న దొడ్లోకి వదిలేసింది. గోధుమరంగు ముసలిదాన్ని తెచ్చి పట్టీ సగం బిగించి, పదడుగులు నడిపించి, మళ్ళీ బిగించి ఎక్కింది. దూడల అరుపులు మొదలయ్యాయి. దొడ్లో ఎర్రగుర్రం తోక నిటారుగా ఎత్తి, కంచె వెంట ఆ మూల నుంచి ఈ మూలకు నన్ను తీసుకుపొమ్మన్నట్టు తిరుగుతోంది. వచ్చినవాళ్ళలో ఒక కుర్రవాడు ఆగి దానివైపే చూస్తున్నాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే తాడు విప్పుకుంటూ మందలోకి వెళ్ళిపోయింది.